గొడ్డలి బొమ్మ టీషర్టు గురించి మన తెలుగు బడి కమిటీకి

మెట్రో డెట్రాయిట్‌లోని మన వారాంతపు తెలుగు బడి కమిటీ పెద్దలకు, తల్లిదండ్రుల గ్రూపులో ఉన్న మిత్రులకు నమస్కారం.

ఉగాది కార్యక్రమం రిహార్సల్‌కి ఒక కుర్రాడు వేసుకొచ్చిన నల్ల టీషర్టు గురించి మీరు గ్రూపులో పెట్టిన సందేశం చూశాను. గొడ్డలి పట్టుకుని పరిగెత్తే మనిషి బొమ్మ, దాని పక్కన ఎఫ్‌బీఐ నివేదికలోంచి కత్తిరించిన నాలుగు లైన్లు, కింద "ఇది గ్యాంగు గుర్తు, మీ పిల్లల ఫోన్లు ఒకసారి చూసుకోండి" అన్న హెచ్చరిక. ఫొటోలో ముఖం కనపడకుండా జాగ్రత్తపడ్డారు, సంతోషం. కానీ ఆరడుగుల పొడుగున్న పదహారేళ్లవాడు మన బడిలో ఒక్కడే ఉన్నాడు. చిన్నపిల్లలకు గుణింతాలు దిద్దించే ఆ వాలంటీరు ఎవరో తెలియనివాళ్లు గ్రూపులో లేరు. పరిస్థితి చక్కబడేదాకా వాణ్ని పంపొద్దని వాళ్లమ్మకు విడిగా ఫోన్ చేసి చెప్పారని కూడా తెలిసింది. గ్రూపులో అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా తాళం వేశారు కాబట్టి నేను బయట రాస్తున్నాను.

ఆ సందేశాన్ని వెనక్కి తీసుకోండి అని అడగడానికే ఈ లేఖ. కాస్త పొడుగవుతుంది. ఆ బొమ్మ వెనకాల ఏముందో మీలో చాలామందికి తెలియదు, తెలియకపోవడంలో తప్పూ లేదు. మనలో ఎక్కువమంది ఈ దేశంలో దిగేసరికే ఆ పాటలు పాతబడిపోయాయి.

ఆ బొమ్మ సైకోపతిక్ రికార్డ్స్ అనే పాటల కంపెనీ గుర్తు. పేరు వింటేనే గుండె ఝల్లుమంటుంది, ఒప్పుకుంటాను. ఇన్సేన్ క్లౌన్ పాసీ అనే ర్యాప్ జంట 1991లో తమ మేనేజరుతో కలిసి ఈ డెట్రాయిట్‌లోనే పెట్టుకున్న సొంత కంపెనీ అది. ఇద్దరి పేర్లూ జోసెఫే, ఒకరు బ్రూస్, ఇంకొకరు అట్స్‌లర్. వేదిక ఎక్కితే వయొలెంట్ జె, షాగీ టూ డోప్. ముఖాలకు నలుపూ తెలుపూ రంగులు పూసుకుని బఫూన్ల వేషంలో పాడతారు. చావులు, దయ్యాలు, నరకడాలు, ఈ సరుకంతా ర్యాప్‌లో కథలుగా చెప్పే బాణీని హారర్‌కోర్ అంటారు. ఈ ఊళ్లో దానికి వీళ్లకంటే ముందు దారి వేసినవాడు ఈషమ్ అనే ర్యాపర్. వీళ్ల మొదటి ఆల్బమ్‌లో అతనూ గొంతు కలిపాడు.

మన కుర్రాడికి బాగా నచ్చింది వీళ్ల రెండో స్టూడియో ఆల్బమ్, ద రింగ్‌మాస్టర్. 1994 మార్చి 8న వచ్చింది. వాడు పుట్టడానికి చాలా ఏళ్ల ముందు సంగతి. (ఇదే ఈడు పిల్లాడు ఘంటసాల పాట పాడితే వీడియో తీసి ఇండియాకి పంపిస్తాం. పాతవి వినడం వరకైతే వీడూ అదే చేస్తున్నాడు.) ఏముంది రా అందులో అని అడిగితే వాడు పాటల గురించి చెప్పలేదు. "కథ ఉంటుంది ఆంటీ. ఆరు ఆల్బమ్‌లు వరసగా వింటే గానీ చివరికి ఏమైందో తెలీదు" అన్నాడు. సూపర్‌హీరో సినిమాలు చూసే పిల్లలు మాట్లాడే పద్ధతే.

కథ నేను విన్నంతవరకు ఇది. డార్క్ కార్నివాల్ అనే ఒక చీకటి తిరునాళ్ల ఉంటుంది. చచ్చినవాళ్ల ఆత్మలు అక్కడికి చేరతాయి, అక్కడే వాళ్ల తీర్పు. ఆ తిరునాళ్లకి సంబంధించిన ఒక్కో ఆల్బమ్‌ను ఒక్కో జోకర్ కార్డు అంటారు. 1992లో వచ్చిన మొదటిది కార్నివాల్ ఆఫ్ కార్నేజ్. పేదవాడల్లో రోజూ జరిగే హింస, దాన్ని పట్టించుకోని కలవారి గుమ్మాల్లోకి ఒక సర్కస్ ఊరేగింపులా వస్తే ఎలా ఉంటుంది అన్నది దాని ఊహ. రెండోదే ఈ రింగ్‌మాస్టర్. గుడారాన్ని నడిపే పెద్ద ఇందులో వస్తాడు. వాడు ఎక్కడో పుట్టి వచ్చిన రాక్షసుడు కాదు. ఎదుట నిలబడ్డ మనిషి బతికినన్నాళ్లూ చేసిన పాపాలే కలిసి వాడి రూపం కడతాయి. ఎవరి రింగ్‌మాస్టర్ వాళ్లకే. చిత్రగుప్తుడి చిట్టా లేచి నిలబడి మనిషై మన మీదికి నడిచొచ్చినట్టు. ఇదే సంగతి గరుడపురాణం ప్రవచనంలో వింటే తలలూపి, ప్రసాదం తీసుకుని ఇంటికొస్తాం.

మైక్ ఇ. క్లార్క్ సంగీతం నాకు నచ్చింది. రంగులరాట్నం దగ్గర మోగే ఆర్గన్ లాంటి కీబోర్డు, దాని కింద బరువైన బీటు. నవ్వించడానికి పెట్టిన ఆ ట్యూనే కాసేపటికి ఒళ్లు జలదరింపజేస్తుంది. పాడేవాళ్ల గొంతుల్లో గొప్ప ఒడుపేమీ లేదు. వయొలెంట్ జె పాడడం కంటే వీధినాటకంలో వేషగాడు కేకేసినట్టు కథ చెప్పడం ఎక్కువ. కోళ్ల వేట పేరుతో ఒక పాటుంది. వేటాడేది కోళ్లని కాదు, జాతిద్వేషం తలకెక్కిన తెల్లవాళ్లని. ఇద్దరు తెల్లకుర్రాళ్లు 1994లో, ఈ ఊళ్లో, తమ రంగువాళ్లలోని జాత్యహంకారుల మీదికి కత్తి ఎత్తినట్టు పాడిన పాట అది. పార్కింగ్ లాట్‌లో "మీ దేశానికి పోండి" అనిపించుకుని వచ్చి గ్రూపులో గోడు వెళ్లబోసుకున్నవాళ్లు మనలో ఉన్నారు. ఒకసారి విని చూడమని వాళ్లకి ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఇక చెడ్డ సంగతులు. బూతులు లెక్కలేనన్ని. ఆడవాళ్ల గురించి వాడిన మాటలు వింటే చెంప పగలగొట్టాలనిపిస్తుంది. కొన్ని పాటలు సగంలోనే దాటేశాను. చంపడాన్ని జోకు చేస్తారు, ఆ జోకు పదోసారి పేలదు. పదకొండేళ్ల పిల్లకి ఈ ఆల్బమ్ నేను వినిపించను. పదహారేళ్లవాడు వింటుంటే పక్కన కూర్చుని, ఆ ఆడపిల్లల గురించిన పాట సంగతేంటి రా అని అడుగుతాను. అడిగాను కూడా. వాడు నేల చూపులు చూశాడు. ఆ సంభాషణ ఇంకా పూర్తికాలేదు. పూర్తి చేయాలంటే వాడు బడికి రావాలి.

పిల్లలు చావుల కథలు వింటే చెడిపోతారని మాత్రం నాతో అనకండి. భుజాన శవం వేసుకుని నడిచే రాజుకి ఆ శవంలోంచే బేతాళుడు కథ చెబుతుంటే నెలనెలా ఎదురుచూసి చదివిన తరం మనది. పోయిన దసరాకి మన పిల్లలే స్టెప్పులేసిన పాటలో హీరో చేతిలో ఉన్నది పూలగుత్తి కాదు. పెద్ద హీరో సినిమా వచ్చినప్పుడు కత్తులూ గొడ్డళ్లూ ఉన్న టీషర్టులు వేసుకుని కార్ల ర్యాలీ తీసేది మన నాన్నలే, వెనక సీట్లో పిల్లలు ఉంటారు. ఆ ఫొటోలు కూడా ఇదే గ్రూపులో ఉన్నాయి, లైకులతో.

ఇప్పుడు మీరు కత్తిరించిన ఆ నాలుగు లైన్ల దగ్గరికి వద్దాం. 2011లో ఎఫ్‌బీఐ పరిధిలోని నేషనల్ గ్యాంగ్ ఇంటెలిజెన్స్ సెంటర్ ఇచ్చిన నివేదికలో ఈ జంట అభిమానుల్ని, అంటే జగ్గలోస్ అని తమను తాము పిలుచుకునేవాళ్లను, పొందిక లేని ఒక మిశ్రమ గ్యాంగుగా రాశారు. నిజమే. మీరు వదిలేసిన వాక్యాలు కూడా ఆ నివేదికలోనే ఉన్నాయి. వీళ్లని గ్యాంగుగా గుర్తించిన రాష్ట్రాలు నాలుగే అని ఉంది. ఆ నాలుగింట్లో మిషిగన్ లేదు. ఈ పాటలు పుట్టిందీ, ఈ అభిమానులు మొదట పోగైందీ ఇక్కడే, అయినా లేదు. వీళ్లు చేసే నేరాల్లో ఎక్కువ భాగం అడపాదడపా, ఎవరికి వారు చేసేవేనని, చిన్నపాటి కొట్లాటలు, సొంతానికి మత్తుమందు వాడకం, చిల్లర దొంగతనాలు, గోడలు పాడుచేయడం లాంటివని కూడా అదే నివేదిక చెప్పింది. కొద్దిమంది మాత్రం ముఠాలు కట్టి దోపిడీలు, మత్తుమందుల అమ్మకాల దాకా పోతున్నారని రాసింది. ఆ కొద్దిమంది ఉన్నారు. నేను కాదనను. అభిమానుల్లో ఘోరమైన నేరాలు చేసినవాళ్లూ ఉన్నారు. అయితే ఒక చెడ్డవాడి ఒంటి మీద టీషర్టు దొరికిందని ఆ టీషర్టు ఉన్న ప్రతివాణ్నీ పేరెట్టి పిలవడం న్యాయం కాదు కదా.

ఆ పిలుపు వల్ల ఏం జరిగిందో కోర్టు కాగితాల్లో ఉంది. 2014 జనవరిలో ఆ ఇద్దరు గాయకులు, నలుగురు అభిమానులు కలిసి, అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్ మిషిగన్ శాఖ అండతో డెట్రాయిట్ ఫెడరల్ కోర్టుకెళ్లారు. ఆ నలుగురిలో ఒకాయన ట్రక్కు నడుపుకుని బతికేవాడు. ట్రక్కు మీద ఈ గొడ్డలి మనిషి బొమ్మ ఉందని టెనెసీలో బరువు తూచే చోట పోలీసు ఆపి సోదా చేశాడు. ఇంకొకాయన సైన్యంలో చేరబోతే ఒంటి మీద ఆ పచ్చబొట్లు ఉంటే కుదరదన్నారు. వాటి మీద వేరే బొమ్మలు పొడిపించుకుని నొప్పి భరించి మళ్లీ వెళ్లాడు, అయినా తీసుకోలేదు. కాలిఫోర్నియా కుర్రాణ్ని వీధిలో మళ్లీ మళ్లీ ఆపి ప్రశ్నలడిగారు. ఇవి ఆ ఫిర్యాదులో వాళ్లు చెప్పుకున్నవి.

కేసు కిందా మీదా పడింది. 2014లోనే డెట్రాయిట్ జడ్జి కొట్టేశారు. 2015లో సిన్సినాటిలోని ఆరో సర్క్యూట్ అప్పీలు కోర్టు, వీళ్లకి జరిగిన నష్టం ఆ నివేదికతో ముడిపడి ఉందని వాదించే హక్కు వీళ్లకుంది అంటూ కేసును తిరిగి పంపింది. మళ్లీ కింద కోర్టు కొట్టేసింది, 2017 డిసెంబర్‌లో అప్పీలు కోర్టు కూడా అదే ఖాయం చేసింది. అభిమానులు ఓడిపోయారు. మీలో లాయర్లు ఇద్దరున్నారు, వాళ్లు ఈ పాటికి "చూశారా" అంటూ ఉంటారు. అందుకే ఎందుకు ఓడిపోయారో కూడా చెబుతున్నాను. ఆ నివేదిక తనంత తానుగా ఎవరి మీదా చట్టపరంగా ఏ చర్యా తీసుకోదట. ఏ పోలీసు శాఖనూ ఫలానాది చేసి తీరాలని కట్టడి చేయదట. చదివి ఎవరైనా ఏమైనా చేస్తే అది వాళ్ల సొంత నిర్ణయమట. క్లుప్తంగా కోర్టు మాట అది.

అంటే ఆ కాగితం ఎవర్నీ ఏమీ చేయమనలేదు. టెనెసీ పోలీసు సొంతంగా చేశాడు. సైన్యంలో చేర్చుకునే ఆఫీసరు సొంతంగా చేశాడు. ఇప్పుడు మన కమిటీ సొంతంగా చేసింది. ఎఫ్‌బీఐ చెప్పింది కదా అని మీరు ఎవరి వెనకా నిలబడలేరు. ఈ నిర్ణయం మీదే.

మీ భయం ఏమిటో నాకు తెలుసు, గ్రూపులో ఎవరూ పైకి అనలేదు అంతే. మనలో సగం మంది వీసాల మీద ఉన్నాం. గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి వరసలో నిలబడ్డాం. గ్రీన్‌కార్డు వచ్చేలోపే పిల్లలకి ఇరవై ఒకటి నిండి, మన వీసా మీద ఉండే వీలు పోతుందేమోనని క్యాలెండర్ చూసుకుంటూ బతికేవాళ్లున్నారు. పోలీసు, గ్యాంగు అన్న మాటలు ఏ ఫైలులోనో మన ఇంటిపేరు పక్కన పడితే ఏమవుతుందోనని ఒణుకు. ఆ ఒణుకు నాకూ ఉంది. కానీ ఆ మాట వాడి ఫొటో కింద రాసింది ఎవరండీ? పోలీసులు కాదు, వాడి హైస్కూలు కాదు. వాణ్ని ఎత్తుకు తిరిగిన బాబాయిలూ పిన్నులే, వందల ఫోన్లలోకి, స్క్రీన్‌షాట్ తీసుకోవడానికి వీలుగా రాశారు. వాడి గురించి "గ్యాంగు" అన్న మాట లిఖితపూర్వకంగా ఉన్న చోటు ఈ భూమ్మీద ప్రస్తుతానికి మన వాట్సాప్ గ్రూపు ఒక్కటే.

గుంటూరు, బాపట్ల వైపు నుంచి వచ్చినవాళ్లు మనలో ఉన్నారు కాబట్టి ఇంకొకటి గుర్తుచేస్తాను. పేరు చూసి నేరస్తుల జాబితా రాయడం ఎలా ఉంటుందో స్టువర్టుపురానికి తెలుసు. 1871లో తెల్లదొరలు చేసిన నేరస్త తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. ఎరుకల కుటుంబాల్ని పుట్టుకతో దొంగలుగా రాసుకుని, కాలనీ కట్టి, హాజరు వేయించారు. 1952లో ఆ చట్టం దేశమంతటా పోయినా ఊరి పేరు చెబితే జేబు తడుముకునే అలవాటు మనవాళ్లకి ఇంకా పోలేదు. రెండూ ఒకటేనని అనడం లేదు. పాట నచ్చి టీషర్టు కొనుక్కున్నవాడు రేపు దాన్ని విప్పేయగలడు, పుట్టుకని ఎవరూ విప్పలేరు. ఆ కుటుంబాలు పడ్డదాని ముందు ఇది ఏపాటిది. కాకపోతే జాబితా చదివే కన్ను మాత్రం అదే కన్ను. మనిషిని చూడకముందే వాడి మీదున్న గుర్తుని చూస్తుంది.

ఈ జగ్గలోస్ మనకి దూరపువాళ్లని అనుకుంటున్నట్టున్నారు. వాళ్ల వార్షిక సమ్మేళనం మొదటిసారి జరిగింది ఎక్కడో తెలుసా? 2000 జులైలో, నోవైలో. అవును, మన నోవైలోనే, అప్పటి ఎక్స్‌పో సెంటర్‌లో. పాతికేళ్ల తర్వాత 2025 జులైలో తానా మహాసభలు జరిగిన ఊరు. వాళ్లు ముఖాలకి రంగులేసుకుని వచ్చారు, మనం పట్టుపంచెలు కట్టుకుని వెళ్లాం. రెండుసార్లూ ఆ ఊరివాళ్లు ఎవరబ్బా వీళ్లు అని వింతగా చూసే ఉంటారు. ఇక ఫేగో సంగతి. 1907లో ఫైగెన్‌సన్ సోదరులని, రష్యా నుంచి వలసొచ్చిన రొట్టెల వ్యాపారులు డెట్రాయిట్‌లో మొదలెట్టిన సోడా అది. 1994 నుంచీ ఈ జంట కచేరీల్లో దాన్ని జనం మీద బక్కెట్ల కొద్దీ చిమ్ముతారు, అదో పూనకం. మన ఉగాది భోజనాల్లో పులిహోర ట్రే పక్కన వరసగా నిలబెట్టే రెండు లీటర్ల సీసాలు కూడా అవే. ఆ లెక్కన మన క్యాటరింగ్ బల్లనీ ఎవరైనా ఫొటో తీసి పెట్టొచ్చు.

పాటల వల్ల భయపడి ముందు చర్య తీసుకుని తర్వాత ఆలోచించడం మీతోనే మొదలుకాలేదు. 1997లో వీళ్ల నాలుగో ఆల్బమ్‌ని డిస్నీ కింద ఉన్న హాలీవుడ్ రికార్డ్స్ విడుదల చేసిన రోజే గంటల్లో దుకాణాల నుంచి వెనక్కి పిలిపించింది. ఆ దెబ్బకి వాళ్ల పేరు దేశమంతా మోగింది. ఇప్పుడు మీ సందేశం పుణ్యమా అని మన బడిలో ఆరో క్లాసు పిల్లలు కూడా ఆ పేరు వెతుక్కుంటున్నారని నాకు తెలుసు, మీకు తెలియకపోవచ్చు.

కథ చివర ఏమైందో కూడా చెప్పేస్తాను, కుర్రాడు నన్ను క్షమించాలి. 2002లో వచ్చిన ఆరో కార్డు చివర్లో ఆ చీకటి తిరునాళ్ల అంటే దేవుడేనని, ఇన్నాళ్లూ మిమ్మల్ని ఆయన దారిలోకి రమ్మనే చెప్పామని వాళ్లు బయటపెట్టారు. గొడ్డళ్లూ నెత్తురూ చూసి వచ్చిన అభిమానుల్లో కొందరికి ఒళ్లు మండింది. నాకైతే నవ్వొచ్చింది. ఆరు ఆల్బమ్‌లు అరిచి గోలపెట్టి చివరికి చెప్పింది, మన బాలవికాస్ క్లాసులో మొదటి వారమే చెప్పే ముక్క.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ఆ సందేశాన్ని తీసేసి, తీసేశామని అదే గ్రూపులో, అదే అక్షరాల సైజులో రాయండి. ఎవరికీ తెలియకుండా డిలీట్ చేసి ఊరుకోవద్దు. వాళ్లమ్మకి ఎవరు ఫోన్ చేసి రావద్దన్నారో వాళ్లే ఫోన్ చేసి రమ్మనండి. బడిలో బట్టల గురించి నియమం కావాలనుకుంటే పెట్టండి, ఆయుధాల బొమ్మలు వద్దంటే వద్దనే అందాం, అందరికీ కలిపి. మన హీరోల టీషర్టులు కూడా అందులోకి వస్తాయి, నాన్నలవి సహా. నియమం రాసే రోజు ఆ కుర్రాణ్ని కూడా కూర్చోబెట్టుకోండి. వాడు మీ అందరికంటే శ్రద్ధగా రాస్తాడు, గుణింతం తప్పుల్లేకుండా.

వచ్చే ఆదివారం సమావేశం ఎజెండాలో ఈ విషయం చేర్చమని కోరుతున్నాను. ఈలోపల ఆల్బమ్ వినాలనుకునేవాళ్లు నాకు మెసేజ్ పెట్టండి. పాటల వరస పంపిస్తాను, ఏవి దాటేయాలో పక్కన టిక్కు పెట్టి. కారులో వినేవాళ్లు అద్దాలు ఎత్తుకోండి, గుడి పార్కింగ్‌లో అయితే మరీను.

ఇట్లు,
గుణింతాల క్లాసు ఆంటీ